చిత్రతురగము

ఆదివారము దుకాణములు మూసియుండగా హైదరాబాదులోని ఆబిడ్సు ఫుట్‌పాత్‌లపై పరచియుంచు పాతపుస్తకముల రాసులలో, పసిపిల్లలకు ఇంగ్లీషు నేర్పు బొమ్మల పుస్తకము లెన్నో దొరకును. రంగు వెలసిన పుటపై ఒక గుఱ్ఱము, దాని గిట్టలక్రింద వేలెడేసి యక్షరములతో దాని పేరు. 1834లో నెలకొన్న సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు మొదలుకొని ఇంగ్లీషు చదువులకు పేరుగన్న పేట యిది. 1658లో కొమీనియస్ న్యూరెంబర్గున లాటిను నేర్పుటకై సచిత్రగ్రంథము నచ్చొత్తించిన నాటినుండియు ఈ పద్ధతికి మన్నన కలదు. అయినను, బొమ్మను చూపి పేరు చెప్పినంతమాత్రమున బాలుని మనస్సున నేమి జరుగుచున్నదను ప్రశ్న పాఠశాలతోనే తీరిపోవునది కాదు. శబ్దార్థసంబంధమును గూర్చి మన దార్శనికులు తరతరములు వాదించినది దీనినే.

బొమ్మలో నున్నది ఒక్క గుఱ్ఱము. మాటయో లోకమునందలి గుఱ్ఱములన్నిటికిని చెల్లును. పదమునకు జాతియే యర్థమని మీమాంసకులును, వ్యక్తి, ఆకృతి, జాతి యను మూడును అర్థమే యని నైయాయికులును చెప్పిరి. ఆ మూటిలో చిత్రము చూపగలది ఆకృతి నొక్కదానినే. కావున వస్తువునకు చిత్రము బీదచుట్టమని తలచువారు కలరు. నేనట్లు తలపను. భరతుని రససూత్రమును వ్యాఖ్యానించుచు శ్రీశంకుకుడు, రాముని పాత్ర ధరించిన నటుని చూచునపుడు కలుగు ప్రతీతిని చిత్రమునందలి గుఱ్ఱమును చూచునప్పటి ప్రతీతితో పోల్చెను: అది యథార్థజ్ఞానము కాదు, భ్రాంతి కాదు, సంశయము కాదు, సాదృశ్యజ్ఞానమును కాదు. గుఱ్ఱమని వ్రేలుపెట్టి చూపు బాలుడు అది తన్నునని జంకడు, అబద్ధమాడితినని శంకింపడు. ఒకప్పుడు నాంపల్లి స్టేషనుముందు టాంగాకు కట్టిన గుఱ్ఱము నెదుట నిలిచినవానికి దాని సకిలింపును చెమటవాసనయు చాలును, మాటతో పనిలేదు. కాగితముమీది గుఱ్ఱమునకు ప్రాణము పోయవలసినది మాటయే. ఎదుట లేనిదానిని పలుకుచే నిలుపుటయే భాషకు గల పరమశక్తి యైనచో, దాని కభ్యాసస్థానము చిత్రముకంటె వేఱొకటి నాకు తోచదు.

అయితే పేరు చెప్పి పుట త్రిప్పివేయు గురువు ఆ యవకాశమును చేజార్చుకొనుచున్నాడు. ఒక పెద్ద ఆవును తెమ్మనగా, పిమ్మట దానిని కట్టివేసి గుఱ్ఱమును తెమ్మనగా, వినుచున్న పిల్లవాడు ఏ మాట మాఱినపుడు ఏ వస్తువు మాఱినదో గమనించి భాష నేర్చునని శాస్త్రజ్ఞులు చెప్పిన వృద్ధవ్యవహారము బొమ్మయెదుట సైతము జరుగవలయును: గుఱ్ఱము ఎక్కడికి పోవుచున్నది, రౌతు ఏడి, అతడెందులకు లేడు? లేమిని ఏ కుంచెయు గీయజాలదు, ప్రశ్న చూపగలదు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో 1930లో స్థాపితమైన మ్యూజియమునందు అజంతా కుడ్యచిత్రముల ప్రతికృతులు కలవు. జాతకకథలను గోడలపై నిలిపి ధర్మమును బోధించిన ఆ చిత్రములు ఇంగ్లీషు తరగతికి పనికిరావని యెవరనగలరు? మొదటి గుహలోని పద్మపాణి చిత్రపు ప్రతి నొకదానిని పిల్లలముందుంచి, చేతిలో నేమున్నదని యడిగినచో, పువ్వని ఇంగ్లీషులోనే చెప్పుదురు. కన్నులేల వాల్చినాడని యడిగినచో తరగతి తడబడును. జాలి యని యొక బాలిక తెలుగున ననవచ్చును, రహమ్ అని యింకొకడు ఉర్దూలో ననవచ్చును. ఇంగ్లీషు తప్ప వేఱొకటి వినబడరాదను నియమముతో ఆ నోళ్లు మూయించుట అన్యాయమని నా దృఢమైన యభిప్రాయము. భావము ముందుగా వచ్చినది, దానికి తగిన ఇంగ్లీషు మాటను అప్పుడే, ఆ చిత్రమును చూచుచుండగనే, గురువు అందీయవలెను.