గాలి ఎటు నుంచి?

సొంతిల్లు వెతుక్కునే సికింద్రాబాద్ వాళ్లం రాజీవ్ రహదారి పట్టుకుని పోతూనే ఉన్నాం. అల్వాల్ నిండింది, తూంకుంట నిండింది, శామీర్‌పేట చెరువూ దాటాం. 2023 అక్టోబరులో సిద్దిపేట రైలు మొదలయ్యాక, మారేడుపల్లిలో పొద్దున్నే నడకకొచ్చే రిటైరైనవాళ్ల మాటల్లో గజ్వేల్ పక్కవీధి అయిపోయింది. ‘కూరగాయలు మన చేత్తో కోసుకు తినొచ్చు’ అంటారు. ఒంటిమామిడి మార్కెట్లో టమాటా డబ్బాలు దించే రైతు నోట మాత్రం ఆ మురిపెం నేను వినలేదు.

ఆ దారిలోనే కొంచెం లోపలికి ఒక ఊళ్లో ఇల్లు చూశాను. పది గుంటల జాగా, అంటే 1,210 గజాలు. గూనపెంకుల ఇల్లు, బోరు, రెండు మామిడిచెట్లు. కాగితాలు చూసే తెలివి మనకు బాగానే అబ్బింది. ధరణి పోయి భూభారతి వచ్చినా పాసుబుక్కు, ఈసీ, నాలా మార్పిడి, లింకు డాక్యుమెంట్లు అని వరసగా అడుగుతాం. గాలి ఎటు నుంచి వీస్తుందో మాత్రం ఏ పహాణీలోనూ ఉండదు. సాయంత్రానికి తెలిసింది. పడమటి పొలం అవతల రెండు పొడుగాటి కోళ్ల షెడ్లు. తడిసిన పెంట ఘాటు, దాని వెనకే ఈగలు.

నా ముఖం చూసి బ్రోకర్ ధైర్యం చెప్పాడు. “ఫికర్ చేయకుండ్రి సార్. రెండు మూడేండ్లల్ల అదంతా వెంచరే. చుట్టూ మీ అసుంటోళ్లే వస్తరు. రేటు డబులైతది.”

పల్లె కావాలని కదా అక్కడిదాకా వెళ్లింది? ఆ పల్లె పోతుందన్న ఆశ మీదే గజానికి ధర కడుతున్నారు. బ్రోకర్‌ని అనడానికేం లేదు. కొనేవాడిలోనే చేనుగాలి కావాలనేవాడొకడు, రేటు పెరగాలనేవాడొకడు ఉంటారు. సంతకం పెట్టేది రెండోవాడేనని నా అనుమానం.

అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి పొరుగు తగవులకు చట్టాలున్నాయి. ముందునుంచీ సేద్యం చేసుకుంటున్నవాడి మీద, తర్వాత వచ్చి ఇల్లు కట్టుకున్నవాడు వాసనని, చప్పుడని దావా వేస్తే రైతుకు అవి అండగా నిలుస్తాయి. అయోవాలో పందుల ఫారాల పక్కన ఇల్లు కొన్నవాళ్లకూ మన బాధే అన్నమాట. పెద్ద కంపెనీల ఫారాలు ఆ చట్టాల చాటున దాక్కుంటాయన్న విమర్శా ఉంది, అది వేరే సంగతి.

తిరిగొస్తుంటే షెడ్డు దగ్గర రైతు కనిపించాడు. “ఫారం తీసేస్తారటగా?” అన్నాను.

“ఎవలన్నరు సార్? నిన్ననే కోడిపిల్లల దించిన” అన్నాడు.

ఆ వాసన చూపించి రేటు తగ్గించమందామని మా అబ్బాయి అంటున్నాడు. ఫారం అక్కడే ఉంటుందని ఎవరైనా రాసిస్తే, గజానికి ఇంకో వంద ఎక్కువే ఇస్తానేమో నేను.