వాళ్ళ మాస్టారు మన గురించి ఏం చెబుతాడు?



మీ ఇంట్లో అయిదారేళ్ళ పిల్లలుంటే బడి నుంచి ఏదో ఒక రోజున ఒక చీటీ వచ్చే ఉంటుంది. "ఫలానా తేదీన దేశదేశాల సంస్కృతుల దినోత్సవం. మీ పాపకు జపాను వేషం వేసి పంపగలరు" అని. తల్లి పాత పట్టుచీరతో కిమోనో కుడుతుంది, తండ్రి తెనాలి బజారులో కాగితపు విసనకర్ర కోసం నాలుగు దుకాణాలు తిరుగుతాడు. పక్కింటి బాబుకు ఆఫ్రికా వచ్చిందని వాడి ముఖానికి బొగ్గు పూస్తారు. ఇంకొకడి తలకు కోడి ఈకలు కట్టి రెడ్ ఇండియన్ అంటారు. ఫొటోలు తీస్తారు, చాక్లెట్లు పంచుతారు. సాయంత్రానికి ప్రపంచ పాఠం ముగిసిపోతుంది.

ఈ వేడుకను ఎగతాళి చేయడానికి నేను కలం పట్టలేదు. పసివాళ్ళకు రంగులు కావాలి, పాటలు కావాలి. మన ఊరి పొలిమేర అవతల కూడా లోకం ఉందని చిన్నప్పుడే తెలియడం మంచిదే. ముఖానికి బొగ్గు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఒక మనిషి ఒంటిరంగు వేషం కాదు. అయితే నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న వేరే ఉంది. ఇతరుల గురించి మనం పిల్లలకు చెప్పేది ఎవరి నోటి మాట? వాళ్ళదా, మనదా?

ఈ ప్రశ్న నా అంతట నాకు తోచింది కాదు. చాలా ఏళ్ళ కిందట బాపట్ల పరిసరాల్లోని ఒక ప్రాథమిక పాఠశాలలో నేను పంతులుగా పనిచేసేవాణ్ణి. పుస్తకంలో ఎస్కిమోల పాఠం వచ్చింది. మంచి ఉత్సాహంతో దూది తెచ్చి, అట్టముక్క మీద అతికించి, గుండ్రటి మంచు ఇల్లు తయారుచేశాను. మే నెల ఎండల్లో వేగిపోయే మన పిల్లలకు మంచు ఇల్లంటే ఎంత వింత! "వాళ్ళు స్నానం చెయ్యరా సార్?" అని ఒకడు, "పచ్చి మాంసం తింటారంట గదా సార్, ఛీ!" అని ఇంకొకడు. క్లాసంతా ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. వెనక బెంచీలో ఒక పిల్లవాడు మాత్రం నవ్వకుండా లేచి నిలబడ్డాడు. "సార్, వాళ్ళ మాస్టారు మన గురించి ఏం చెబుతాడు సార్?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. జవాబు తోచని పంతులు ఏం చేస్తాడో మీకు తెలుసు. "నీకెందుకురా అదంతా, కూర్చో" అన్నాను.

ఆ పిల్లవాడు స్టూవర్టుపురం నుంచి వచ్చేవాడు. ఏ ఊరని అడిగితే ఊరి పేరు చెప్పేవాడు కాదు, "రైలు స్టేషను పక్కన సార్" అనేవాడు. ఆ వారంలోనే క్లాసులో ఒకరి పెన్సిలు డబ్బా పోయింది. ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. కానీ నలభై జతల కళ్ళు వెనక బెంచీ వైపు తిరిగాయి. నేను మొట్టమొదట వెతికింది ఆ పిల్లవాడి సంచీనే. అందులో ఒక పలక, ఒక పుస్తకం, గుడ్డలో కట్టిన అన్నం ఉన్నాయి. మర్నాడు డబ్బా ఆ పోగొట్టుకున్న పిల్ల ఇంట్లోనే, మంచం కింద దొరికింది. నేను క్షమాపణ చెప్పలేదు. పంతుళ్ళు పిల్లలకు క్షమాపణ చెప్పే అలవాటు ఆ రోజుల్లో లేదు. ఎక్కడో ధ్రువ ప్రాంతంలో ఉండే మనుషుల గురించి వారం రోజులు పాఠం చెప్పినవాణ్ణి, నా ఎదురుగా కూర్చున్న పిల్లవాడు ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో ఒక్కసారీ అడగలేదు.

ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు వెతకడం మాత్రం నేను మానలేదు. జవాబు మన తీరంలోనే దొరికింది. చీరాల దాటాక చినగంజాం వైపు మోటుపల్లి అనే చిన్న ఊరుంది, ఇప్పుడది బాపట్ల జిల్లాలోకే వచ్చింది. ఒకనాడు అది పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారట. మేము అలా చేయము, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకుంటాము అని దేశాంతర వర్తకులకు అందులో మాట ఇచ్చాడు. దిక్కులేక ఒడ్డుకు చేరిన పరాయివాడి మూట మనది కాదనే మాట రాతి మీద చెక్కించాడన్న మాట.

ఆ తరువాత 1290 ప్రాంతంలో వెనిసు నగరపు మార్కో పోలో ఈ తీరానికి వచ్చాడంటారు. అతని పుస్తకంలో మన మోటుపల్లి "ముత్ఫిలి" అయిపోయింది. ఇక్కడి సన్నని నూలుబట్టను సాలెగూడుతో పోల్చి మెచ్చుకున్నాడు. దేశాన్ని ఏలిన రాణి వివేకవంతురాలని, న్యాయంగా పాలించిందని రాశాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. అయితే ఆమె గణపతిదేవుని కూతురు కాగా, చనిపోయిన రాజుగారి భార్య అని రాసి ఊరుకున్నాడు. వజ్రాల కథ మరీ చోద్యం. పాములతో నిండిన లోయల్లోకి మనవాళ్ళు మాంసపు ముక్కలు విసురుతారట. వాటికి వజ్రాలు అంటుకుంటాయట. గద్దలు ఆ మాంసం తన్నుకుపోతే మనవాళ్ళు వెంటపడి వజ్రాలు ఏరుకుంటారట! ఈ కథ చీరాల నేతగాడికి వినిపిస్తే ఏమంటాడు? "మా బట్ట గురించి చెప్పింది నిజమే, మిగతాది ఎవడు చెప్పాడయ్యా నీకు?" అంటాడు. కానీ ఐరోపాలో తరతరాల పిల్లలు మన గురించి నేర్చుకున్నది ఆ గద్దల కథే.

అదీ, వాళ్ళ మాస్టారు మన గురించి చెప్పిన పాఠం. కొంత మెప్పు, కొంత పొరపాటు, కొంత కట్టుకథ, చివరికి పేరు కూడా వంకర.

నా ఎస్కిమోల పాఠం ఇంతకంటే మెరుగేమీ కాదని తరువాత తెలిసింది. ఎస్కిమో అన్నది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు, ఇతరులు పెట్టినది. ఆ పిలుపు వాళ్ళలో చాలామందికి నచ్చదు. 1977లో అలాస్కాలోని బారో అనే ఊళ్ళో వారి ప్రతినిధులు సభ చేసుకుని, మమ్మల్ని ఇన్యూట్ అనండి అని ప్రకటించారు. ఆ మాటకు వాళ్ళ భాషలో "మనుషులు" అనే అర్థం. అలాస్కాలోనే ఉండే యూపిక్ ప్రజలు, మేము ఇన్యూట్ కూడా కాదు, మా పేరు మాకుంది అంటారు. ఇక ఇగ్లూ అంటే వాళ్ళ భాషలో ఉత్త "ఇల్లు". చెక్క ఇల్లయినా ఇగ్లూయే. మంచు దిమ్మెలతో కట్టేది కొన్ని తెగలవారు చలికాలపు వేటల్లో వేసుకునే మకాం. నా దూది ఇల్లు చూసి ఆ ప్రాంతపు పిల్లవాడు ఎంత నవ్వేవాడో!

ఇక మన స్టేషను పక్క ఊరి సంగతి. అది కూడా ఇతరులు పెట్టిన పేరే. ఎరుకలవారు పూర్వం గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు మెట్ట ప్రాంతాలకు చేరవేసి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చి అమ్ముకునేవారు. బుట్టలు అల్లేవారు, ఆడవారు ఎరుక చెప్పేవారు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద తెల్లదొరల ఆంక్షలు బిగిశాయి, కరువులు వచ్చాయి. వారి వ్యాపారం కూలింది. ఊరూరు తిరిగేవాళ్ళను అనుమానించడం ప్రభుత్వానికి అలవాటయింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. అంటే తల్లి కడుపులో ఉండగానే బిడ్డ మీద అనుమానపు ముద్ర. తరువాత రెండు మూడేళ్ళకే బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వారి ఆధ్వర్యంలో సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వంలో అధికారి అయిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, చీటీ లేనిదే బయటికి వెళ్ళకూడదు. ఈ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో.

చట్టం పోయింది గాని కథ పోలేదు. ఒక్క 1991లోనే ఆ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి, 2023లో అక్కడి దొంగతనాల మీద ఇంకొకటి వచ్చింది. వాటిని చూసి ఈలలు వేసిన మనం, అక్కడి నుంచి బడికి వచ్చే పిల్లవాడు తన ఊరి పేరు ఎందుకు మింగేస్తాడో ఆలోచించలేదు. ఎరుకలవారికి సొంత భాష ఉందని, అది తమిళానికి దగ్గరిదని ఎంతమంది పంతుళ్ళకు తెలుసు? కవి జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం గార్లు 1970లలో అక్కడికి వెళ్ళి ఆ మనుషులతో కూర్చుని మాట్లాడారు, వాళ్ళు చెప్పింది విన్నారు. వారు నాస్తికులు. ఆ మాట మన పత్రికలో రాయడానికి నాకేమీ సంకోచం లేదు. దగ్గరలో ఉన్న మనవాళ్ళం ఎంతమందిమి వెళ్ళామన్నదే సంకోచం.

ఇక్కడ కొందరు తల్లిదండ్రులు అడ్డు చెబుతారు. "పసిపిల్లలకు ఈ చేదు విషయాలెందుకండీ? ఆటలు, పాటలు, పిండివంటలు చాలవా?" అని. పసిపిల్లలకు చేదు తెలియదనుకోవడం మన భ్రమ. బడి ఆవరణలో చెవి ఒగ్గి వినండి. కోపం వస్తే ఒకరినొకరు తిట్టుకునే తిట్లలో ఏ కులం పేరుందో, ఏ ఊరి పేరుందో మీకే తెలుస్తుంది. ఆ నలభై జతల కళ్ళకు వెనక బెంచీ వైపు తిరగడం ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు, పుస్తకమూ నేర్పలేదు. అన్నం తింటూ ఇంట్లో విన్న మాటలు నేర్పాయి. వాళ్ళు ముందే నేర్చుకున్న పాఠం మీద మనం ఇంకో పాఠం చెప్పాలి గాని, అది ఖాళీ పలక కాదు.

మరికొందరి భయం వేరు. అందరి ఆచారాలూ గౌరవించమంటే మన విశ్వాసం పలుచనవుతుందేమో అని. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన ప్రకటనలో, ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన దేనినీ శ్రీసభ త్రోసిపుచ్చదని చెప్పింది. అంతకంటే నేను చెప్పేదేముంది? అలాగని ఎదుటివారు చేసే ప్రతిదీ ఒప్పేననీ అనను. ఒప్పూ తప్పూ మన ఆచారాల్లోనూ ఉన్నాయి. ఆ లెక్క తేల్చేముందు వాళ్ళు తమ గురించి తాము ఏం చెప్పుకుంటున్నారో వినాలంటాను, అంతే. నా తప్పు అక్కడే జరిగింది. వినకుండానే సంచీ వెతికాను.

దూరపు మనుషుల గురించి చెప్పడంలో ఒక సుఖం ఉంది. వాళ్ళు మనల్ని ఏమీ అడగరు. జపాను పాప వచ్చి మీ పాప పక్కన కూర్చోదు, టిఫిను డబ్బా పంచుకోదు. రేపల్లె దగ్గర ఏటి గట్టున చేపలు పట్టే యానాది కుటుంబపు పిల్ల అయితే కూర్చుంటుంది. అందుకే కిమోనో కుట్టడం తేలిక, యానాది పిల్ల వాళ్ళమ్మను బడికి పిలిచి "మీ ఇంట్లో ఏం కథలు చెబుతారమ్మా?" అని అడగడం కష్టం. మొదటిది మానమని అనను, రెండోది కూడా చేయమంటాను. ఇన్యూట్ పాఠం చెప్పేటప్పుడు ముత్ఫిలి కథ కూడా చెప్పండి. గద్దలూ వజ్రాలూ విని పిల్లలు పగలబడి నవ్వుతారు. అప్పుడు నెమ్మదిగా, మనం వాళ్ళ గురించి నమ్మినవాటిలో ఇలాంటివి ఎన్నున్నాయంటారు అని అడగండి. ఆ వయసు పిల్లలకు ఈ మాట అర్థమవుతుంది. మా వెనక బెంచీ పిల్లవాడికి అయింది కదా.

ఈ మధ్య మా మనవరాలితో తెనాలి నుంచి చీరాలకు పాసింజరులో వెళుతున్నాను. దానికి ఆరేళ్ళు, బోర్డులన్నీ కూడబలుక్కుని చదివే సరదా. బాపట్ల దాటాక రైలు ఆగింది. "స్టూ...వర్టు...పురం" అని పైకి చదివింది. ఎదుటి సీటు పెద్దమనిషి నవ్వి, "సామాను జాగ్రత్త పాపా!" అన్నాడు. అది నా ముఖంలోకి చూసింది. నేను దాన్ని దగ్గరకు తీసుకుని, ఉప్పు మూటలు మోసిన ఎద్దుల సంగతి చెప్పాను. సముద్రం నుంచి బయలుదేరి ఎన్నో రోజులు నడిచేవారని, దారిలో చెట్ల కింద వండుకునేవారని చెప్పాను. ఆ పెద్దమనిషి కూడా కాసేపు విని, తరువాత కిటికీ వైపు తిరిగాడు.

"మరి ఆ ఎద్దులు ఏమయ్యాయి తాతయ్యా?"

"రైలు వచ్చింది కదమ్మా. ఉప్పు రైలెక్కింది. ఎద్దులకు పని లేకపోయింది."

"ఈ రైలేనా?"

"ఈ దారేనమ్మా."

అది వంగి పెట్టె అడుగు వైపు కాసేపు చూసింది. తరువాత ఈపూరుపాలెం వచ్చింది, ఆ బోర్డు చదవడంలో పడిపోయింది.