ప్రాణం దక్కింది... దేని కోసం?

మల్యాల మండలంలోని కొండగట్టు ఘాట్ రోడ్డు మీదుగా వెళ్ళేవారికి 2018 సెప్టెంబర్ 11వ తేదీ గుర్తుకు రాకుండా ఉండదు. ఆ రోజు జగిత్యాల వైపు వస్తున్న ఆర్టీసీ బస్సు అదుపు తప్పి లోయలో పడింది. ఎక్కవలసిన వారికన్నా ఎంతో ఎక్కువ మంది, దాదాపు రెండింతలు, అందులో ఉన్నారు. 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొందరు గాయాలతో బయటపడ్డారు. ఒకే బస్సు, ఒకే దారి, ఒకే క్షణం. కాని కొందరు ఇంటికి చేరారు, కొందరు చేరలేదు.

ఇలాంటి ప్రమాదాల తర్వాత మన ఇళ్ళల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "అమ్మ చేసిన దువా వాణ్ణి కాపాడింది" అంటాం. మంచి మాటే. సంతోషంలో, కృతజ్ఞతతో వచ్చిన మాట. కాని అదే వాడలో, నాలుగిళ్ళ అవతల, కొడుకును పోగొట్టుకున్న మరో తల్లి ఉంది. ఆమె చెవిన ఆ మాట పడితే ఏమవుతుందో మనం ఎప్పుడైనా ఆలోచించామా? ఆమె దువా చేయలేదా? ఆమె చేతులు ఆకాశం వైపు లేవలేదా? లేక ఆమె దువాలో ఏదైనా లోపం ఉందని మన ఉద్దేశమా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ ప్రశ్న మరీ సూటిగా తగులుతుంది. గల్ఫ్‌కు వెళ్ళిన మనిషి లేని గల్లీ ఇక్కడ అరుదు. ఒకింటి అబ్బాయి శంషాబాద్‌లో దిగి "అమ్మీ, వచ్చేశాను" అని ఫోన్ చేస్తాడు. మరో ఇంటికి అదే విమానాశ్రయం నుంచి శవపేటిక వస్తుంది. బతికి వచ్చినవాడు అల్లాహ్‌కు ఇష్టుడనీ, తిరిగి రానివాడు కాడనీ అనుకోవచ్చా? బతికినవాడికి ఆ బతుకు దేని కోసం దక్కింది? ఈ రెండు ప్రశ్నలనూ కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

మంచులో నలభై తొమ్మిది రోజులు

1963 ఫిబ్రవరి 4న కెనడా ఉత్తర ప్రాంతంలోని వైట్‌హార్స్ పట్టణం నుంచి ఒక చిన్న విమానం బయలుదేరింది. అందులో ఇద్దరే ఉన్నారు. నడిపే వ్యక్తి రాల్ఫ్ ఫ్లోరెస్, 42 ఏళ్ళ మెకానిక్, పిల్లల తండ్రి. ప్రయాణీకురాలు హెలెన్ క్లాబెన్, 21 ఏళ్ళ యువతి. దారిలో మంచు తుఫాను చుట్టుముట్టింది. విమానం జనసంచారం లేని అడవిలో చెట్ల మధ్య కూలిపోయింది. అతని దవడ, పక్కటెముకలు విరిగాయి. ఆమె చెయ్యి విరిగింది, కాలికి గాయమైంది. చలి సున్నాకు దిగువన నలభై డిగ్రీల దాకా ఉండేది.

వారి దగ్గర చలిదేశపు అడవిలో గడపడానికి కావలసిన సామగ్రి ఏదీ లేదు. ఉన్నవి కొద్దిపాటి డబ్బా చేపలు, పండ్ల డబ్బాలు, బిస్కెట్లు. వాటిని ముక్కలు ముక్కలుగా పంచుకున్నా కొద్ది రోజుల్లోనే అయిపోయాయి. ఆ తర్వాత వారాల తరబడి మంచు కరిగించిన నీళ్ళే ఆహారం. వెతికే విమానాలు కొన్నాళ్ళు వెతికి, ఇక లాభం లేదని ఆపేశాయి. లోకం లెక్కలో వారిద్దరూ చనిపోయినట్లే.

ఫ్లోరెస్ మాత్రం ఆగలేదు. నీరసించిన శరీరంతోనే మంచులో నడిచి, ఆకాశం బాగా కనిపించే ఖాళీ స్థలం చేరుకుని, ఆపదలో ఉన్నామని తెలిపే మూడు అక్షరాలను కాళ్ళతో తొక్కి పెద్దగా రాశాడు. మార్చి 24న అటుగా వెళుతున్న ఒక పైలట్ కంట ఆ అక్షరాలు పడ్డాయి. మరునాటికి ఇద్దరూ రక్షించబడ్డారు. నలభై తొమ్మిది రోజులు! చలికి కొరుక్కుపోయిన కాలి వేళ్ళను ఆమె పోగొట్టుకుంది, కాని ప్రాణం దక్కింది.

అతను క్రైస్తవుడు, ఆమె యూదు కుటుంబానికి చెందినది. కరుణామయుడైన ప్రభువు ఊపిరిని, వెచ్చదనాన్ని, రక్షణను ఇచ్చేటప్పుడు మనిషి ఏ ఇంట పుట్టాడని అడగడు. ఆ ఇద్దరి కథలో విశ్వాసులమైన మనం మొదట గ్రహించవలసింది ఇదే.

కనిపించని మరో కథ

ఈ కథ ఇక్కడితో ఆగితే "ధైర్యం, విశ్వాసం ఉంటే చాలు, తప్పక బయటపడతాం" అని చెప్పి ముగించవచ్చు. కాని నాలుగేళ్ళ తర్వాత, 1967 మార్చిలో, అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో మరో చిన్న విమానం మంచులో కూలింది. తండ్రి, తల్లి, పదహారేళ్ళ ప్రాయపు కూతురు. ముగ్గురూ కూలిన క్షణంలో చనిపోలేదు. సహాయం కోసం వెళ్ళిన తండ్రి తిరిగి రాలేదు. తల్లీకూతుళ్ళు దాదాపు రెండు నెలలు ఎదురుచూశారు. ఆ అమ్మాయి రోజూ డైరీ రాసుకుంది. వెతికినవారికి ఆ చోటు దొరకలేదు. అక్టోబర్‌లో వేటగాళ్ళు విమానాన్ని కనుగొన్నప్పుడు డైరీ మిగిలింది, మనుషులు లేరు.

వీరు ఫ్లోరెస్ కన్నా తక్కువ ఎదురుచూశారా? లేదు. తక్కువ వేడుకున్నారా? ఆ మాట అనగలిగినవారు ఎవరు?

మన తెలుగునేల మీదా ఇలాంటి గాయాలున్నాయి. 2009 సెప్టెంబర్ 2న ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల అడవుల్లో కూలింది. ఎంతో మంది గాలించినా మరునాడే ఆచూకీ దొరికింది. అయిదుగురిలో ఒక్కరూ మిగలలేదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ మంచుకొండపై హిమపాతం కింద పది మంది సైనికులు చిక్కుకున్నారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాఖ్ అహ్మద్ ఒకరు. వారిలో హనుమంతప్ప అనే సైనికుడు ఆరు రోజుల తర్వాత ఊపిరితో దొరికాడు. దేశమంతా ప్రార్థించింది. ఫిబ్రవరి 11న ఆయన కూడా కన్నుమూశాడు.

దేశమంతా చేసిన ప్రార్థనలు వృథా అయ్యాయా?

మూడు తప్పు జవాబులు

మొదటి జవాబు: "అంతా అదృష్టం." ఇలా అనుకునేవాడికి కృతజ్ఞత చెప్పుకునేందుకు ఎవరూ మిగలరు. పాచికలు వేస్తే పడ్డ అంకెకు ఎవరు ధన్యవాదాలు చెబుతారు? అదృష్టం అన్న మాట బాధ్యతను కూడా తనతోపాటు తీసుకుపోతుంది.

రెండో జవాబు: "అంతా నా ప్రతిభే." సియాచిన్ సైనికుల కన్నా శిక్షణ పొందినవారెవరు? శరీర దారుఢ్యం గలవారెవరు? ఫ్లోరెస్ మంచులో అక్షరాలు రాశాడు, నిజమే. కాని ఆ దారిన విమానం రావడం అతని చేతుల్లో లేదు. ఆ రాత్రి మళ్ళీ మంచు కురిస్తే ఆ అక్షరాలే మిగిలేవి కావు.

మూడో జవాబు అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే అది ధార్మికతలా కనిపిస్తుంది: "నేను మంచివాణ్ణి కాబట్టి బతికాను." ఈ ఆలోచనకు దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోనే సమాధానం ఉంది. ఆయన ముద్దుల కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించాడు. సరిగ్గా ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ మరణానికే సూర్యుడు మసకబారాడని జనం చెప్పుకోసాగారు. ఆయన ఆ మాటను అక్కడికక్కడే ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు కోసమో ఎవరి బతుకు కోసమో వాటికి గ్రహణం పట్టదనీ తెలియజేశారు. పుత్రశోకంలో, కళ్ళ నీళ్ళ మధ్య, తన ఇంటికి గొప్పతనం తెచ్చే మాటను కూడా ఆయన ఒప్పుకోలేదు!

అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ప్రవక్త ఇంటి బిడ్డే చనిపోయినప్పుడు, మరణం ఆగ్రహానికి గుర్తని మనం ఎలా అనగలం? నీట మునిగినవారిని, కూలిన గోడల కింద పడి చనిపోయినవారిని కూడా ఆయన షహీదులలో లెక్కించారు. కనుక ప్రమాదంలో పోయినవాడి గురించి తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. దువా స్వీకరించబడే రూపాలు కూడా ఒకటి కాదు. అడిగినది ఇక్కడే దొరకవచ్చు, మరో ఆపద తొలగిపోవచ్చు, పరలోకం కోసం దాచి ఉంచబడవచ్చు. కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లి దువా ఎక్కడికీ పోలేదు.

మరి ప్రయత్నం ఎందుకు?

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఫలితం మన చేతిలో లేనప్పుడు జాగ్రత్తలు ఎందుకు? అల్లాహ్ రాసిందే జరుగుతుంది కదా?

హజ్రత్ హాజిరా (అ) గారిని గుర్తు చేసుకోండి. పచ్చగడ్డి మొలవని లోయలో, పసిబిడ్డతో ఒంటరిగా ఉన్నారు. ఇది అల్లాహ్ ఆజ్ఞ అయితే ఆయన తమను నాశనం కానివ్వడని ఆమె దృఢంగా నమ్మారు. అయినా తోలుసంచిలో నీళ్ళు అయిపోగానే ఆమె కూర్చోలేదు. సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు పరుగెత్తారు. నీళ్ళు ఆమె వెతికిన కొండల మీద దొరకలేదు. బిడ్డ పాదాల దగ్గర పుట్టాయి. ప్రయత్నం ఒక చోట, ప్రసాదం మరో చోట! అయినా ఆ పరుగును అల్లాహ్ వృథా పోనివ్వలేదు. ఈనాటికీ హజ్, ఉమ్రా యాత్రికులు దాన్ని ఆచరిస్తూనే ఉన్నారు. మనం ప్రయత్నానికి జవాబుదారులం, ఫలితానికి కాదు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) హితవు మనందరికీ తెలిసిందే.

తెలిసిందే, కాని కడుతున్నామా? ఆ కాలిఫోర్నియా కుటుంబం విషాదం తర్వాత అమెరికాలో ప్రజలు ఊరుకోలేదు. కూలిన విమానం తనంతట తానే రేడియో సంకేతం పంపే పరికరాన్ని చిన్న విమానాల్లో తప్పనిసరి చేస్తూ 1970లో చట్టం తెచ్చారు. పోయిన ముగ్గురు తిరిగి రాలేదు, కాని వారి మరణం వేరెవరి బతుకుకో కారణమైంది. మనమైతే ఏం చేస్తున్నాం? పత్తి ఏరే కూలీలను పదిహేను మందిని ఒకే ఆటోలో కుక్కుతాం. హెల్మెట్ బండి అద్దానికి వేలాడదీసి, "అల్లాహ్ ఉన్నాడు" అంటాం. నిండిపోయిన బస్సు మెట్టు మీద పిల్లవాణ్ణి నిలబెట్టి "బిస్మిల్లాహ్" అంటాం. ఇది తవక్కుల్ కాదు. ఇది నిర్లక్ష్యం. దానికి పవిత్రమైన పేరు పెట్టడం మరో తప్పు.

బతికినవాడి బాధ్యత

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలో 242 మంది ఉన్నారు. ఒకే ఒక్కడు బతికాడు. అదే విమానంలో ఉన్న అతని సోదరుడు చనిపోయాడు. లోకం అతణ్ణి అదృష్టవంతుడంది. అతను మాత్రం సోదరుణ్ణి తలచుకుని కుమిలిపోయాడు. బతికి రావడం కూడా ఒక పరీక్షే. అలాంటి మనిషి మన వాడలో ఉంటే "ఎలా బయటపడ్డావు?" అని వచ్చిన ప్రతివాడూ గుచ్చి గుచ్చి అడగడం సానుభూతి కాదు. అతని పక్కన మౌనంగా కూర్చోవడం, అన్నం తిన్నాడో లేదో చూడటం సానుభూతి.

ఇక బతికినవాడు తనను తాను ఏమడగాలి? "వాడు పోయి నేనెందుకు మిగిలాను?" అన్న ప్రశ్నకు జవాబు అల్లాహ్ దగ్గరే ఉంది. "మిగిలినందుకు నేనేం చేయాలి?" అన్న ప్రశ్నకు మాత్రం జవాబు మన దగ్గర ఉంది. హజ్రత్ యూనుస్ (అ) చేప కడుపులోని చీకట్లో నుంచి మొరపెట్టుకున్నారు, బయటపడ్డారు. ఆ తర్వాత విశ్రాంతి కోసం కాదు, లక్షమందికి పైగా ఉన్న జాతి వద్దకు, బాధ్యత కోసం పంపబడ్డారు. ప్రాణం దక్కడం కథకు ముగింపు కాదు, పని అప్పగించబడటం.

నడిసముద్రంలో తుఫాను చుట్టుముట్టినప్పుడు నిష్కల్మషంగా ఒక్క అల్లాహ్‌నే వేడుకుని, ఒడ్డుకు చేరగానే మరచిపోయేవారి గురించి దివ్యఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. విమానం కుదుపులకు లోనైనప్పుడు మన పెదవులపై కలిమా ఉంటుంది. చక్రాలు నేలను తాకగానే చేయి సెల్‌ఫోన్ కోసం వెతుకుతుంది. ఆ రెండు క్షణాల మధ్య దూరమే మన ఈమాన్‌కు కొలత.

సోదర సోదరీమణులారా! మన ఇంటివాడు క్షేమంగా తిరిగి వస్తే "అల్‌హందులిల్లాహ్" అందాం, సజ్దాలో పడిపోదాం, సదఖా ఇద్దాం. కాని ఆ సంతోషాన్ని పక్కింటి దుఃఖం మీద తీర్పుగా మార్చవద్దు. ఆ సదఖాను ముందుగా తిరిగి రానివాడి ఇంటికే తీసుకెళదాం. అతని పిల్లల బడి ఫీజు గురించి అడుగుదాం. అతని తల్లి పక్కన కూర్చుందాం. "మీ దువా కూడా స్వీకరించబడింది అమ్మా, దాన్ని అల్లాహ్ మీ కోసం దాచి ఉంచాడని ఆశిద్దాం" అని చెబుదాం.

మనకు దక్కిన ప్రతి ఉదయమూ అమానతే. దాన్ని తిరిగి అప్పగించే రోజు వస్తుంది. ఆ రోజు మన చేతులు ఖాళీగా ఉండకుండా అల్లాహ్ మనకు సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.