ఆటస్థలమున ధర్మాధర్మ విచారము

న్యాయస్థానమునందు తీర్పు చెప్పువానికి గ్రంథములు తిరుగవేయుటకు, సాక్షులను విచారించుటకు, తీరికగా ఆలోచించుటకు అవకాశము గలదు. బాస్కెట్‌బాల్ ఆటలో తీర్పు చెప్పువానికి ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు గల చెక్కనేలమీద పదిమంది దీర్ఘకాయులు మెరుపువలె కదలుచుండగా, ఒకరి చేయి మరొకరి చేతికి తగిలినదా, తగిలినచో అది నేరమా కాదా అని రెప్పపాటులో నిర్ణయించి ఈల ఊదవలెను. ఊదినను నిందయే, ఊదకున్నను నిందయే. అమెరికా దేశమున ఎన్.బి.ఏ. అను వృత్తి క్రీడాసంఘము వారి పోటీలను స్వయముగా చూడబోయినవారు ఇంటికి మరలివచ్చుచు, ఆటగాళ్ల నైపుణ్యమును గూర్చి కంటె రిఫరీల తప్పులను గూర్చి ఎక్కువగా మాటలాడుకొనుట కద్దు. ఈ కోపము న్యాయముపై గల ప్రీతివలన పుట్టినదా, లేక తన పక్షముపై గల ప్రీతివలన పుట్టినదా అనునది విచారింపదగిన ప్రశ్న. వినోదమునకు సంబంధించిన సంగతి గదా యని దీనిని త్రోసివేయరాదు. పెద్ద వ్యవహారములలో మనుష్యుడు జాగ్రత్తపడి దాచుకొను స్వభావము ఆట చూచునప్పుడు దాగక బయటపడును.

ఈ ఆటను 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించెను. చలికాలమున కప్పుక్రింద ఆడుకొనుటకు అనువుగా, దెబ్బలాటకు తావులేని ఆట ఒకటి కావలెనని ఆయన ఉద్దేశము. పీచ్ పండ్ల బుట్టలు రెండు ఎత్తున బిగించి, 13 నియమములు వ్రాసెను. బంతి పట్టుకొని పరుగెత్తరాదు, భుజముతో త్రోయరాదు, పట్టి ఆపరాదు, కొట్టరాదు. ఆ 13 నియమములలోనే ఇద్దరు తీర్పరులను నియమించెను: ఒకడు మనుష్యులను కనిపెట్టుటకు, మరొకడు బంతిని కనిపెట్టుటకు. నియమము వ్రాసినంత మాత్రమున మనుష్యులు దానిని పాటింతురని ఆయనకు నమ్మకము లేనట్లున్నది. నేడు ఎన్.బి.ఏ. పోటీలో ముగ్గురు రిఫరీలు ఉందురు. 1988-89 సంవత్సరపు పోటీల నుండి ఈ ఏర్పాటు స్థిరపడినది. కన్నులు రెండు జతల నుండి మూడు జతలైనవి కాని ఫిర్యాదులు తగ్గలేదు.

తగ్గకపోవుటకు కారణము నియమములోనే ఉన్నది. శరీరము శరీరమునకు తగిలిన ప్రతిసారి ఫౌల్ కాదు. ఆటలో సహజముగా జరుగు స్పర్శ వేరు, ఎదుటివాని కదలికను చెరచు స్పర్శ వేరు. ఈ రెంటికి నడుమ గీత గీచి చూపుట ఎవ్వరి తరము కాదు. బంతి గీత దాటినదా లేదా అనునది కన్ను చెప్పగలదు. ఒక తాకుడువలన అన్యాయపు లాభము కలిగినదా లేదా అనునది బుద్ధి చెప్పవలెను. బుద్ధి చెప్పవలసిన చోట భేదాభిప్రాయము తప్పదు.

ప్రత్యక్షముగా చూచువాని కష్టము మరికొంత విచిత్రమైనది. టెలివిజనులో చూచువానికి వ్యాఖ్యాత ఉండును, ఒక్కొక్క ఘట్టమును నిదానముగా మరల చూపుదురు, ఈల ఎందుకు మ్రోగినదో వివరింతురు. వేలమంది నడుమ పై వరుసలలో కూర్చున్నవానికి దూరమున కదలు బొమ్మలవలె ఆటగాళ్లు, రిఫరీ చేతి సంజ్ఞలు తప్ప మరేమియు లేదు. చాల సొమ్ము పెట్టి చీటి కొని వచ్చినవాడు ఆ సంజ్ఞ అర్థముగాక ప్రక్కవాని నడుగును. ప్రక్కవానికిని తెలియదు. అయినను ఇద్దరును కలిసి రిఫరీని నిందింతురు! నలుబది యెనిమిది నిమిషముల ఆట రెండు గంటలు దాటి సాగును. కడపటి రెండు నిమిషములలో ఈలలు, విరామములు, యంత్రపు పునఃపరిశీలనలు చేరి ఆట ముందుకు జరుగదు. విసుగు కోపమునకు ఇంధనమగును. తక్కువ తెలిసినవాడు ఎక్కువ నిశ్చయముతో మాటలాడుట ఆటస్థలమునకు మాత్రమే చెందిన వింత కాదు, కాని అక్కడ అది మిక్కిలి స్పష్టముగా కనబడును.

2023 జనవరి 28వ తేదీన బోస్టన్ నగరమున జరిగిన పోటీ ఈ విచారమునకు మంచి ఉదాహరణము. స్థానిక జట్టయిన సెల్టిక్స్‌తో లాస్ ఏంజిలస్ లేకర్స్ తలపడిరి. నిర్ణీత కాలము ముగియు తరుణమున ఇరుపక్షములు 105 చొప్పున సమానముగా ఉండెను. లేకర్స్ పక్షమున లెబ్రాన్ జేమ్స్ బంతితో బుట్ట దాపునకు దూసుకుపోయి వేయబోవగా, సెల్టిక్స్ ఆటగాడు జేసన్ టేటమ్ చేయి ఆయన చేతికి తగిలెను. ఈల మ్రోగలేదు. బంతి బుట్టలో పడలేదు. జేమ్స్ తల పట్టుకొని నేలమీద కూలబడెను. ఆయన సహచరుడు ప్యాట్రిక్ బెవర్లీ ఒక ఫోటోగ్రాఫరు కెమెరా తెచ్చి రిఫరీకి చూపబోయి, అందులకు టెక్నికల్ ఫౌల్ శిక్షను పొందెను. అదనపు కాలమున సెల్టిక్స్ 125-121తో గెలిచిరి. ఆట ముగిసిన పిదప రిఫరీల నాయకుడు ఆ స్పర్శ జరిగినట్లు ఒప్పుకొనెను. రిఫరీల సంఘమువారు కూడ ఆ తప్పును బహిరంగముగా అంగీకరించి విచారము తెలిపిరి. గెలుపు మాత్రము మారలేదు.

లేకర్స్ అభిమానుల కోపము సహజమే. ఎవ్వరును దానిని తప్పుపట్టజాలరు. విచారింపవలసినది రెండవ పక్షమును గూర్చి. క్రీడామందిరము నిండ కూర్చున్నది బోస్టన్ వారు. తమకు అనుకూలముగా జరిగిన తప్పును చూచి “ఇది అన్యాయము, మాకీ గెలుపు వలదు” అని లేచి నిలిచిన ప్రేక్షకుడున్నట్లు ఎవరును చెప్పలేదు. ఉండవలెనని ఆశించుట కూడ కొందరికి హాస్యాస్పదముగా తోచవచ్చును. అక్కడనే అసలు ప్రశ్న ఉన్నది. తనకు నష్టము కలిగించిన తప్పుపై మండిపడి, తనకు లాభము కలిగించిన తప్పుపై మౌనము వహించు కోపమునకు న్యాయమను పేరు చెల్లదు. అది నష్టముపై కలిగిన దుఃఖము. దుఃఖపడుట దోషము కాదు, దానిని న్యాయమని పిలుచుట దోషము. ఈ మాట లేకర్స్ అభిమానులకును వర్తించును. వేరొక రాత్రి ఈల వారి పక్షమున తప్పిన వేళ వారును ఊరకుండువారే.

చూపరి బుద్ధిపూర్వకముగా అబద్ధమాడుచున్నాడని అనరాదు. అతనికి నిజముగనే అట్లు కనబడును. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ విశ్వవిద్యాలయముల నడుమ జరిగిన ఫుట్‌బాల్ పోటీ చాల మొరటుగా సాగినది. ఒకనికి ముక్కు విరిగెను, మరొకనికి కాలు విరిగెను. హేస్టార్ఫ్, కాంట్రిల్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ ఆట చలనచిత్రమును రెండు విద్యాలయముల విద్యార్థులకును చూపి, ఏ జట్టు ఎన్ని తప్పులు చేసినదో లెక్కింపుమనిరి. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు కనబడినవానికంటె ప్రిన్స్‌టన్ విద్యార్థులకు రెట్టింపునకు మించి కనబడినవి. 1954లో వారు దీనిని ప్రచురించిరి. చిత్రము ఒక్కటే, తెర ఒక్కటే, చూచిన ఆటలు మాత్రము రెండు. పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునను సామెతను మన పెద్దలు ఏ పరిశోధనయు లేకయే చెప్పిరి. కాని కామెర్లవానికి తన రోగము తెలియును. పక్షాభిమానికి అదియు తెలియదు.

చూపరి కేకలు ఉత్తి గాలిమాటలు కావను సంగతి మరింత ఆలోచింపదగినది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ రిఫరీలకు ఒక పోటీ దృశ్యములను, కొందరికి జనఘోషతోను కొందరికి నిశ్శబ్దముగాను చూపి చేసిన పరిశీలన 2002లో ప్రచురింపబడినది. ఘోష విన్నవారు స్థానిక జట్టుపై తక్కువ ఫౌళ్లు ప్రకటించిరి. ఎవరును వారికి లంచమీయలేదు, ఎవరును బెదిరింపలేదు. వేలగొంతుకల ధ్వని చెవిలో పడి తీర్పును ఒకింత వంచినది. కనుక పై వరుసలో కూర్చుండి “మోసము, మోసము” అని అరచువాడు న్యాయమును కోరుచున్నానని తలచుచు, న్యాయమును వంచుటలో తన పాలు తాను పంచుకొనుచున్నాడు. తీర్పు పక్షపాతమైనదని మొరపెట్టువాడే ఆ పక్షపాతమునకు కారకులలో ఒకడగుట ఎంత విపరీతము!

అయితే రిఫరీలు సర్వదా నిర్దోషులని చెప్పుట సత్యమునకు దూరము. 1994 నుండి 2007 వరకు ఎన్.బి.ఏ.లో రిఫరీగా పనిచేసిన టిమ్ డోనగీ పందెగాండ్రతో చేరి, తాను ఈల పట్టిన ఆటలపైననే పందెములు కాచెను. 2007లో న్యాయస్థానమునందు నేరము అంగీకరించి, 2008లో 15 నెలల కారాగారశిక్ష పొందెను. కంచెయే చేను మేసినట్లైనది. ఆ ఒక్కనివలన కలిగిన హాని అతడు పాడుచేసిన ఆటలతో ఆగలేదు. అంతకు ముందటి సందేహములన్నియు తిరిగి లేచినవి. 2002 మే 31న లాస్ ఏంజిలస్‌లో లేకర్స్, శాక్రమెంటో కింగ్స్ నడుమ జరిగిన ఆరవ పోటీలో కడపటి పాదమున లేకర్స్ జట్టునకు 27 ఫ్రీత్రోలు లభించినవి. లేకర్స్ 106-102తో గెలిచిరి. వినియోగదారుల హక్కులకై పోరాడిన రాల్ఫ్ నాడర్ విచారణ కోరెను. ఆ ఆట బుద్ధిపూర్వకముగా వంచబడినదని 2008లో డోనగీ ఆరోపింపగా సంఘమువారు ఖండించిరి. ఆరోపణ రుజువు కాలేదు. కాని శాక్రమెంటో ఊరివారి మనస్సు ఊరడిల్లలేదు. 1985లో ఆ ఊరికి వచ్చినది మొదలు వారి జట్టు పట్టము గెలువలేదు. నిజాయితీగల రిఫరీ చేసిన పొరపాటును మనుష్యుడు కాలక్రమమున మరచును. అది పొరపాటో మోసమో తెలియనప్పుడు మరపు రాదు.

ఈ రెంటికి నడుమ మూడవది ఒకటి కలదు. అదియే అన్నింటికంటె సూక్ష్మమైనది. ప్రైస్, వుల్ఫర్స్ అను ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు 1991 నుండి 2004 వరకు జరిగిన పోటీల లెక్కలు తీసి, రిఫరీలు తమ జాతివారు కాని ఆటగాళ్లపై ఫౌళ్లు స్వల్పముగా ఎక్కువ ప్రకటించుచున్నారని 2007లో వెల్లడించిరి. సంఘమువారు తమ లెక్కలు చూపి కాదనిరి. పత్రికలలో పెద్ద చర్చ జరిగెను. విశేషమేమనగా, ఆ చర్చ జరిగిన తరువాతి సంవత్సరముల లెక్కలు చూడగా ఆ భేదము కనబడకుండ పోయినదని వారే మరొక పరిశీలనలో తెలిపిరి. నియమము మార్చలేదు, ఎవ్వరిని శిక్షింపలేదు. తనలో లేదనుకొన్న దోషము ఉన్నదని వినుటతోడనే చేయి సరిదిద్దుకొన్నట్లున్నది. రిఫరీకి సాధ్యమైనది చూపరికి అసాధ్యము కానేరదు. కాని చూపరి తప్పులను లెక్కించువారు లేరు.

తప్పులను దిద్దుటకు యంత్రములు వచ్చినవి. 2014లో న్యూజెర్సీ రాష్ట్రమందలి సికాకస్‌లో పునఃపరిశీలన కేంద్రము నెలకొల్పిరి. 2015 నుండి హోరాహోరీ పోటీల కడపటి రెండు నిమిషముల తీర్పులను సంఘమువారే పరీక్షించి, ఒప్పుతప్పులను ప్రకటించుచున్నారు. 2019 నుండి శిక్షకుడు తీర్పును ప్రశ్నింపవచ్చును. ఇందులో రెండవదానిని కొందరు పరిహసింతురు. ఓడినవానికి మరునాడు “నీవు ఓడవలసినది కాదు” అను కాగితము చేతికిచ్చుట వలన ప్రయోజనమేమని వారి ప్రశ్న. ప్రయోజనము కలదు. ఫలితము మారకున్నను సత్యము రాతకెక్కును. అధికారము గలవాడు తన తప్పును తానే వ్రాసి బయటపెట్టు పద్ధతి లోకమున ఎన్ని కార్యాలయములలో ఉన్నది?

ఆటగాళ్ల కపటమును గూర్చి ఒక్కమాట. తగులకయే తగిలినట్లు నటించి పడిపోవుట ఎక్కువైనందున 2012 నుండి జరిమానాలు, 2023 నుండి ఆటలోనే శిక్ష విధించుచున్నారు. రిఫరీ మోసపోవుచున్నాడనువారు, మోసగించువానికి చప్పట్లు కొట్టుట మానలేదు.

డల్లాస్, న్యూజెర్సీ ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు కూడ పిల్లలతో ఈ పోటీలకు పోవుచుందురు. తండ్రి ప్రక్కన కూర్చున్న పదేండ్ల బాలునికి ఆట నియమములు పూర్తిగా తెలియవు. తండ్రి ముఖము తెలియును. ఎదుటి జట్టువాడు పడినప్పుడు “నటించుచున్నాడు” అనియు, తన జట్టువాడు పడినప్పుడు “కొట్టినారు” అనియు తండ్రి అరచుట అతడు వినును. జట్టు ఓడినప్పుడు ఇంటికి పోవు దారిపొడుగునను రిఫరీ నింద వినును. ఆడలేక మద్దెల ఓడన్న వానిని బడిలో పంతులు మందలించును. కాని తండ్రి అన్నప్పుడు బాలుడు దానినే న్యాయమనుకొనును. ఒక్కసారియైనను “ఈ ఈల మనకు మేలు చేసినది గాని, అది తప్పే” అని తండ్రి అనగా విన్న బాలుడు ఆ రాత్రి గెలుపోటములను మరచినను ఆ మాటను మరువకపోవచ్చును.

అమెరికా వీధులలో, ఉద్యానములలో రిఫరీ లేకుండ ఈ ఆట ఆడుకొనుట పరిపాటి. అక్కడ ఫౌల్ జరిగినదని ఆటగాడే పలుకవలెను. వివాదము తెగనప్పుడు ఒకడు దూరమునుండి బంతి వేయును. పడినచో వాని మాట నెగ్గును. బంతి అబద్ధమాడదని వారి నానుడి. రషీద్ వాలెస్ అను వృత్తి క్రీడాకారుడు దీనిని పెద్ద పోటీలకును తెచ్చెను. 2000-01 సంవత్సరమున 41 టెక్నికల్ ఫౌళ్లు పొందిన ఆయన, అన్యాయపు ఫౌల్‌వలన లభించిన ఫ్రీత్రోను ఎదుటివాడు తప్పినప్పుడెల్ల ఆ మాట బిగ్గరగా పలుకువాడు. బంతికి ధర్మాధర్మములు తెలియవు, గురి తెలిసినవాని చేతినుండి పోయినది పడును, తెలియనివానిది పడదు. ఆ సంగతి వీధిలో ఆడువారికిని తెలియును. అయినను బంతి వేసిన పిమ్మట ఇరుపక్షములవారును మారుమాటాడక ఆటకు మరలుదురు. ఏలయనగా చీకటి పడకముందే ఆట ముగియవలెను, చూచుటకు అక్కడ ఎవరును చీటి కొని రాలేదు.