తడికట్టె ఎక్కడుందో చూడు

అమ్మలూ,

తమ్ముడి ఇంటర్ చదువు గురించి మొన్న రాత్రి నువ్వూ మీ నాన్నా పడ్డ వాదన పక్కగదిలోంచి అంతా విన్నాను. "ఆ కాలేజీ హోర్డింగు నిండా ర్యాంకులే, వీణ్ణి అక్కడే వేద్దాం" అన్నాడు నాన్న. "ఇది తొందరపాటు నిర్ధారణ, చెల్లదు" అని ఒక్క ముక్కలో కొట్టిపారేశావు. ఆయన నోరు మూతపడింది గానీ మనసు మారలేదు. పొద్దున్నే అప్లికేషన్ పట్టుకొచ్చాడు. నా కొడుకని వెనకేసుకు రావడం లేదులే, విను.

తర్కం మొదలుపెట్టే పిల్లల కోసం తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, 17వ శతాబ్దం వాడు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందనుకోవడం సబబేనంటాడాయన. మరి తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉండాలంటే? ఎర్రగా కాలిన ఇనపగుండును చూడు. నిప్పే, పొగ మాత్రం లేదు. పొగ రావాలంటే తడికట్టె తగలాలి. వాదించేవాడు ఆ తడికట్టె మాట ఎత్తడు. చాలాసార్లు వాడికీ తెలియదు. ఇలా మాటలో బయటపడకుండా ఉండిపోయే షరతునే తర్కంలో ఉపాధి అన్నారు. హేత్వాభాసాలు, అంటే కారణంలా కనిపించే తప్పుడు కారణాలు, ఐదని పుస్తకం లెక్కగట్టి చెబుతుంది. ఎదుటివాడి మాటలో తడికట్టె ఏదో మాత్రం మనమే వెతుక్కోవాలి.

నాన్న మాటలో అదేమిటి? చాలా కాలేజీలు పదిలో మంచి మార్కులొచ్చిన పిల్లల్ని ఏరి, ఫీజు తగ్గించి మరీ చేర్చుకుని, వేరే సెక్షన్లో కూర్చోబెడతాయి. ఆ ర్యాంకు కాలేజీ ఇచ్చిందా, పిల్లలు వెంట తెచ్చుకున్న తెలివిదా? హోర్డింగు చెప్పదు. ఈ మాట అని ఉంటే నాన్న ఆలోచనలో పడేవాడు.

ఇంకోటి. అక్కడే చదివిన ఎదురింటి కుర్రాడు "జ్వరమొచ్చినా ఇంటికి పంపరక్కా" అంటే, "ఒక్కడి అనుభవం రుజువు కాదు" అన్నావు. వాడు వాదించట్లేదమ్మా, చూసింది చెబుతున్నాడు. సాక్ష్యం దగ్గర మనిషినే చూడాలి: స్వయంగా చూశాడా, ఉన్నదున్నట్టు చెప్పే రకమేనా, అబద్ధమాడితే వాడికేం ఒరుగుతుంది? అడ్మిషన్ల కోసం ఇంటికొచ్చే పీఆర్వోనీ ఇవే అడగాలి. నాన్న కారణం చెప్పినప్పుడేమో "నీకీకాలం చదువులు తెలీవు" అని కూడా అన్నావు. కారణాన్ని చూడాల్సిన చోట మనిషిని చూశావు, మనిషిని చూడాల్సిన చోట సూత్రం వల్లించావు.

అప్లికేషన్ ఇంకా నింపలేదు. శనివారం నాన్నను వెంటబెట్టుకుని ఆ కాలేజీకి వెళ్లు. ర్యాంకర్ల ఫొటోలు వాళ్లే చూపిస్తారు. మిగతా సెక్షన్లలో ఎంతమంది చేరారో, వాళ్లకేం వచ్చిందో నువ్వు అడుగు. జవాబు నాన్నను విననీ. మధ్యలో నువ్వేమీ అనకు.

మీ తాతయ్య