పసుపు కుంకుమల ఎకరం, 1967 మస్టాంగ్

2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పాత బండ్లకు ఒక నిర్వచనం ఇచ్చింది. మొదటిసారి రిజిస్టరై యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో నిలిచి ఉన్నది ‘వింటేజ్’ వాహనం. దానికి ‘వి ఏ’ అక్షరాలతో వేరే నంబరు, ఇరవై వేల రూపాయల రుసుము. రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రం రోడ్డెక్కవచ్చు. అదే ఏడాది తుక్కు విధానం కూడా వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన సర్కారు బండ్ల రిజిస్ట్రేషన్లు 2023 ఏప్రిల్ నుంచి రద్దయ్యాయి. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గని ముసలి లారీ, ముసలి ట్రాలీ తుక్కు కిందకు పోతాయి.

ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే విచిత్రంగా ఉంటుంది. పదిహేనేళ్ళ బండి తుక్కు, యాభై ఏళ్ళ బండి వారసత్వం. మధ్యలో ముప్పై అయిదేళ్ళు దాన్ని ఎండకూ వానకూ తగలనీయకుండా, కడుపు కోసం తిప్పకుండా దాచగలిగిన ఇల్లు ఎవరికుందో వాళ్ళ బండే వారసత్వమవుతుంది. సూర్యాపేటలో ట్రాలీ ఆటో మీద కూరగాయల బస్తాలు మోసి బతికే మనిషి తన బండిని పదిసార్లు విప్పి బిగించినా దాన్నెవరూ పునరుద్ధరణ అనరు. రిపేరంటారు.

నాకు కార్ల మీద మోజు లేదు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, బస్సుల్లో తిరిగేదాన్ని. ఈ నిబంధనలు నాచేత చదివించింది మా పెద్దమ్మ కూతురు. కోదాడలో పుట్టి, మిషిగన్‌లో ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అక్క. పెళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద పెద్దమ్మావాళ్ళు ఆమె పేర రాసిన ఎకరం పొలాన్ని 2019లో అమ్మింది. ఆ డబ్బుకు తన జీతంలోంచి మిగిల్చింది కలిపి ఒక 1967 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నది. తలుపుల అడుగున తుప్పు, లోపల చిరిగిన సీట్లు, పనిచేయని ఇంజన్. అప్పటినుంచి శని ఆదివారాలు దానితోనే. ఎప్పటికైనా దాన్ని కోదాడకు తేవచ్చా అని నన్ను కనుక్కోమంది. తర్వాత కస్టమ్స్ సుంకాల లెక్క చూసి తనే ఆ ఆలోచన మానుకుంది.

ఇంట్లో జరిగిన గొడవ ఇంతా అంతా కాదు. “భూమి అమ్మి పాత ఇనుము కొన్నదే నీ అక్క. ఆ పైసలకు కొత్తది రాదా?” అని పెద్దమ్మ ఇప్పటికీ నన్నే నిలదీస్తుంది, ఆ కారు నేను కొన్నట్టు. అన్నయ్య మాట్లాడటమే మానేశాడు. ఆయన తన కొడుకు ఎమ్మెస్ ఫీజు కోసం రెండెకరాలు అమ్మినప్పుడు ఎవరూ నోరెత్తలేదు. ఆ రెండెకరాలు చదువైపోయాయి, ఈ ఎకరం మాత్రం పాడైపోయింది.

స్త్రీల ఆస్తి హక్కు గురించి మనం చాలా రాసుకున్నాం. ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్ర సవరణకు ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. హక్కు వచ్చాక ఆ ఆస్తితో ఏం చేయాలనే దాని మీద మాత్రం రాయని షరతు ఒకటి ఉండిపోయింది. ఆడదాని ఎకరం ఆపదకు అక్కరకు రావాలి, కూతురి పెళ్ళికి దాగాలి, భర్త వ్యాపారంలో పెట్టుబడి కావాలి. మెడలో బంగారం కూడా అంతే. అది ఆమె సరదాకని పైకంటాం గానీ, కుదువపెట్టడానికి పనికొస్తుందనే కొంటాం. ఎవరికీ పనికిరానిదాన్ని, కేవలం తన ఇష్టం కోసం కొనుక్కునే హక్కు ఆస్తి హక్కులో భాగమేనా? మగవాళ్ళ విషయంలో ఈ ప్రశ్నే రాదు. కోడిపుంజులు, పేకాట, ఫామ్‌హౌసులు ‘వాడి సరదా’ అనే మాటలో సర్దుకుపోతాయి.

అక్క కొన్నది ఏ పూలమొక్కల తోటో అయితే ఇంత కష్టం అనిపించేది కాదేమో. మజిల్ కారు అనే పేరులోనే కండలున్నాయి. మామూలు సైజు కారులో పెద్ద కారు ఇంజన్ పెట్టి, తక్కువ ధరకు ఎక్కువ వేగం అమ్మడం దాని సూత్రం. 1964లో పాంటియాక్ జీటీవోతో ఊపందుకుని, 1970 నాటి గాలి కాలుష్య చట్టం, పెరిగిన బీమా, 1973 చమురు సంక్షోభం దెబ్బకు చల్లారిపోయింది. (మస్టాంగ్‌ను మజిల్ కారనకూడదు, పోనీ కారనాలి అని పట్టుబట్టేవాళ్ళున్నారట. వాళ్ళ తగవు మనకొద్దు.) అక్క కారు ఇంజన్ 4.7 లీటర్లు. మనం ఎక్కిన అంబాసిడర్ ఒకటిన్నర లీటరు. ఆ రోజుల్లో ఫోర్డ్ పెళ్ళికాని ఉద్యోగినులను ఉద్దేశించి ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు ప్రకటనలు వేసింది. ఎనిమిది సిలిండర్లు ఎవరికో చెప్పనక్కర్లేదు. అంతకుముందు 1955లో డాడ్జ్ కంపెనీ ‘లా ఫామ్’ అని గులాబీ రంగు కారు తెచ్చి, దానితోపాటు చేతిసంచీ, లిప్‌స్టిక్ డబ్బా, గొడుగు ఇచ్చింది. ఇంజన్ గురించి ఆడవాళ్ళకు చెప్పేదేమీ లేదనుకున్నారు. రెండేళ్ళలో ఆ కారు మూలబడింది.

మస్టాంగ్‌ను సామాన్య కొనుగోలుదారుల్లో మొదట కొన్నది మాత్రం ఒక స్త్రీ. 1964 ఏప్రిల్ 15న, కారు అధికారికంగా బయటకు రావడానికి రెండు రోజుల ముందు, షికాగోలో గెయిల్ అనే ఇరవై రెండేళ్ళ కొత్త టీచరు అమ్మానాన్నల దగ్గర అప్పు తీసుకుని లేత నీలం రంగు కన్వర్టిబుల్ కొనుక్కున్నది. పెళ్ళి సాకుతో, మగవాడి సంతకం లేదనే సాకుతో స్త్రీలకు అప్పు నిరాకరించకూడదని అమెరికాలో చట్టం వచ్చింది 1974లో, అంటే ఇంకో పదేళ్ళకు. పెళ్ళై, పిల్లలు పుట్టి, 1970ల చివరికి ఆ కారు గరాజులో ఆగిపోయింది. పాతికేళ్ళు పైబడి అలాగే ఉండిపోయాక, భర్త రిటైరై దాన్ని విప్పి బాగుచేశాడు. ఆ దంపతుల అన్యోన్యత మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ కొనడం, తిరగడం ఆమె కథలో, బాగుచేయడం ఆయన కథలో ఉండటం నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. అక్క కథలో తేడా ఇక్కడే వచ్చింది. ఏటా ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచి. అక్కడికి కారు తీసుకెళ్తే, చూడవచ్చినవాళ్ళు కార్బ్యురేటర్ గురించి మా బావను అడుగుతారట. బావకు డిప్‌స్టిక్ ఎక్కడుంటుందో కూడా తెలియదు. “ఆమెనడగండి” అని నవ్వుతాడు. ఆయన్నే మళ్ళీ అడుగుతారు.

ఇక అసలు రూపం సంగతి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ ప్రకటన కాపాడటాన్నీ, పునరుద్ధరించడాన్నీ వేరుచేసి చెబుతుంది. చేతులు మారి, దెబ్బలు తిని వచ్చిన బండి చరిత్రను తుడిచేయకూడదంటుంది. మంచి మాట. కానీ పోటీల్లో మెరిసేవి ఎక్కువగా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజులా కనిపించేవే. ఇంజన్ మీది నంబరు, కారు నంబరు కలవాలి, రంగు ఆనాటి రంగే కావాలి. బాగుచేసిన చెయ్యి కనబడకపోవడమే బాగుచేయడంలోని గొప్ప.

మా పెద్దమ్మ ఇంట్లో ఒక బొంత ఉంది. వాళ్ళత్తగారి చీరలతో మొదలైంది. చిరిగినచోటల్లా ఒక ముక్క, ఆ ముక్క చిరిగితే దాని మీద ఇంకో ముక్క. ఇప్పుడు దానిలో మొదటి చీర దారప్పోగు కూడా మిగిలి ఉండదు. అయినా అది ‘అత్తమ్మ బొంత’. దానికి అసలు రూపమంటూ ఏ రోజూ లేదు, అతుకే దాని రూపం. అతుకు దాచుకోవాలని కుట్టినవాళ్ళకు తోచలేదు, అలాగని చూపించుకోవాలనీ తోచలేదు, ఎందుకంటే చలికాలం వస్తోంది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే మరమ్మతు ఇలాంటిదే. గిన్నెకు మాటు వేయించడం, చీరకు ఫాల్ మార్చడం, తెగిన సంబంధాలు అతకడం. దానికి పోటీలు లేవు, న్యాయనిర్ణేతలు లేరు. బొంతను పొగిడి అక్క కారును తక్కువ చేయాలని కాదు. బొంతలోని పేదరికాన్ని కళగా మార్చి మురిసిపోవడం కూడా మనలాంటి చదువుకున్నవాళ్ళు చేసే పనే. కానీ ‘అసలు’ అనే మాట వచ్చినప్పుడు, ఏ రోజును అసలు రోజుగా ఎంచుకుంటున్నామో అడగాలనిపిస్తుంది. 1967 నాటి అమెరికన్ పెట్రోలులో సీసం ఉండేది. అసలు రూపం కావాలని సీసం పొగను ఎవరూ పునరుద్ధరించరు. సీసం లేని పెట్రోలుకు తట్టుకునేలా వాల్వుల దగ్గర గట్టి లోహం వేయించుకుంటారు. ఆ మార్పు పైకి కనబడదు గనక సరే.

సీట్ల కుట్టు కనబడుతుంది. 1968 జూన్‌లో లండన్ శివార్లలోని డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో 187 మంది కుట్టుపని స్త్రీలు సమ్మె చేశారు. కారు సీట్ల కవర్లు కుట్టడం వాళ్ళ పని. ఉద్యోగాల కొత్త వర్గీకరణలో కంపెనీ దాన్ని తక్కువ నైపుణ్యం పనిగా లెక్కకట్టింది. ఆ తరగతిలో కూడా మగవాళ్ళ రేటులో 85 శాతమే వాళ్ళకిచ్చింది. సీట్లు లేక కార్ల తయారీ ఆగిపోయింది. మూడు వారాల తర్వాత మంత్రి బార్బరా కాజిల్ జోక్యంతో అది 92 శాతమైంది. 1970లో బ్రిటన్‌లో సమాన వేతన చట్టం రావడానికి ఈ సమ్మె కారణమైంది. తమ కుట్టు నైపుణ్యమున్న పనే అని కంపెనీ చేత ఒప్పించడానికి మాత్రం 1984లో ఇంకో సమ్మె చేయాల్సి వచ్చింది. ఇప్పుడు పాత ఫోర్డ్ కారు ముందు వంగి సీటు కుట్టు వరసలు పరీక్షించే మనిషికి ఆ కుట్టు విలువ బాగా తెలుసు, కుట్టినవాళ్ళు ఇంటికెళ్ళిపోయాక.

మన దగ్గర ఈ మోజు లేదనుకోకండి. హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా తయారుచేసిన కాంటెస్సాను ఇప్పటి కుర్రాళ్ళు ‘ఇండియన్ మజిల్ కార్’ అంటూ వెతికి కొంటున్నారు. పొడుగు ముక్కు, వెడల్పు భుజాలు, నిజంగానే అమెరికన్ పోలిక. మా చిన్నప్పుడు మిర్యాలగూడలో తెల్ల కాంటెస్సా ఆగిందంటే రైస్ మిల్లు షావుకారు వచ్చాడని అర్థం. కాంటెస్సా అంటే ఇటాలియన్‌లో దొరసాని. ప్రీమియర్ కంపెనీ ఫియట్‌కు 1974లో పద్మిని అని పేరు పెట్టింది. పేర్లు ఆడవాళ్ళవి, స్టీరింగు మగవాళ్ళది. షావుకారు భార్య వెనక సీట్లో, తెరలు వేసిన అద్దాల వెనక కూర్చునేది. కట్నంలో కారు మొదలయ్యాక ఇంకో ముచ్చట చేరింది. ఆడపిల్ల తండ్రి డబ్బు, అల్లుడి పేర రిజిస్ట్రేషన్. ఆ లెక్కన మా అక్క కారు కాగితం మీద ఆమె పేరు ఒక్కటే ఉండటం చిన్న విషయం కాదు.

అయినా నా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఒక ప్యాకార్డ్ ఉంది, అమెరికన్ కారు. చూసినవాళ్ళకు అది నిజాం కారు. దాన్ని కొన్న శిస్తు ఏ ఊళ్ళది, ఎవరి వీపుల మీదిది? దొర బండి ముందు వెట్టివాళ్ళు పరుగెత్తిన రోజుల గురించి, వెట్టిలో ఆడవాళ్ళు పడ్డ అవమానాల గురించి ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చేదాకా స్త్రీల నోటి నుంచి వినలేదు మనం. సూర్యాపేట ప్రాంతపు మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టింది ఆ దొరల మీదే. అక్క ఎకరం దొర భూమి కాదు, నిజమే. కానీ అది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఎకరం. ఆ కాలువల్లోకి నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో, అక్క కారు పుట్టిన ఏడాదే. నీళ్ళొచ్చాక దానికి ధర వచ్చింది. ఏటా రెండుసార్లు నడుము వంచి నాట్లు వేసిన ఆడవాళ్ళ వల్ల పంట వచ్చింది. వాళ్ళకు రోజు కూలి దక్కింది, ధర పెరుగుదలలో వాటా దక్కలేదు.

ఇదంతా ఫోన్లో అక్కతో అన్నాను. “నేను ఆ పొలంలో ఒక్కనాడూ నాటు వెయ్యలేదు, ఒప్పుకుంటా. నువ్వు వేశావా? అదే డబ్బుతో హైదరాబాద్‌లో ఫ్లాటు కొంటే ఈ ప్రశ్న అడిగేదానివేనా?” అన్నది. అడిగేదాన్ని కాదు. అక్క మాటలో న్యాయముంది. పనికొచ్చే ఆస్తిని చూసి మనకు ఎవరి శ్రమా గుర్తుకు రాదు, ఆడమనిషి సరదా కనబడగానే ప్రపంచంలోని అన్యాయాలన్నీ వరసకట్టి వస్తాయి. అయితే ఆ ప్రశ్న ఫ్లాటుకు కూడా వర్తిస్తుందనాలి గానీ, కారుకు వర్తించదనలేం. అన్నయ్యకు అక్క జవాబు చెప్పుకోనక్కర్లేదు. పెద్దమ్మకు కూడా అక్కర్లేదు. నాటు వేసినవాళ్ళకు మాత్రం బాకీ ఉంది, నాతో సహా ఆ పొలం అన్నం తిన్న అందరికీ.

పోయిన ఏడాది అక్క సీట్లు కొత్తగా కుట్టించింది. అచ్చులో పోసినట్టుండే రెడీమేడ్ కవర్లు వద్దని, ఊళ్ళో ఒక మెక్సికన్ ఆవిడ చేత కుట్టించుకుంది. కుట్టు వరసల మధ్య దూరం పాతదానిలా లేదని ఒక ప్రదర్శనలో మార్కులు తగ్గించారట. కారు ముందు పెట్టే అట్ట మీద సంవత్సరం, ఇంజన్, యజమాని పేరు కింద అక్క ఆ కుట్టు మనిషి పేరు కూడా రాసింది. ఆ తర్వాత, పొలంలో నాట్లు వేసినవాళ్ళ పేర్లు కనుక్కోమని నాకు చెప్పింది. కోదాడ వెళ్ళినప్పుడు పెద్దమ్మనడిగాను. చాలాసేపు ఆలోచించి, ముఠా మేస్త్రి పేరు ఒక్కటి చెప్పింది.