ఆడపిల్ల భాగం

బళ్లారి దగ్గర మోకాలో 1987లో పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటి ఉమ్మడి భూమిలో పుట్టుకతో వచ్చే హక్కు అప్పట్లో లేదు. అదే ఏడాది సరిహద్దుకు అవతల, ఆంధ్రలోని ఆలూరులో పెళ్లయిన పిల్లకు అప్పటికే ఉంది. రెండు చోట్లా తెలుగు మాటే, పిల్లనిచ్చి పుచ్చుకునే చుట్టరికాలే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా పాత బళ్లారి జిల్లాను చీల్చి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను అటు కలిపారు, మిగిలింది మైసూరుకు పోయింది. ఆ గీత గురించి మా ఇళ్లల్లో చాలా మాటలు నడిచాయి. బడి, భాష, ఉద్యోగం, తుంగభద్ర నీళ్లు అన్నీ వచ్చేవి. ఆడపిల్ల భాగం మీద కూడా ఆ గీత పడిందని అనగా నేను వినలేదు. ఆంధ్రలో ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. కర్ణాటకలో అలాంటి చట్టం 1994 జూలై 30న గానీ అమలుకు రాలేదు. మధ్యలో దాదాపు తొమ్మిదేళ్లు. మా వైపు ఆ తొమ్మిదేళ్లలో అత్తారింటికి పోయిన ఆడపిల్లలు, 2005లో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను ఆ చట్టమూ కదపలేదు.

భాగం మాట ఎత్తగానే మగవాళ్ల నోట రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. శాస్త్రం ఒప్పుకోదంటారు. సేద్యం లెక్కలు ఆడదానికేం తెలుసంటారు. ఈ రెండింటికీ మా జిల్లా చరిత్రలోనే బదులుంది.

కొడుకుల్లేని ఇళ్లల్లో ఒక కూతురిని దేవుడికి వదిలి బసివిని చేసేవారు. దేవుడి పేరున తాళి కట్టి, పెళ్లి లేకుండా పుట్టింట్లోనే ఉంచుకునేవారు. అప్పుడామెకు కొడుకు హక్కులు వచ్చేవి. తండ్రి ఆస్తి ఆమెదే, తలకొరివీ ఆమే పెట్టేది, ఆమె పిల్లలకు ఆమె ఇంటిపేరే. ఫాసెట్ అనే ఇంగ్లీషు అధికారి పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే దీని మీద వ్యాసం ప్రకటించాడు. ఆ ఆచారం ఎందరి బతుకుల్ని నలిపిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అయినా అందులో ఒక సంగతి స్పష్టంగా ఉంది. కూతురు ఆస్తి నిలపగలదనీ, తండ్రికి కొరివి పెట్టగలదనీ ఊరందరికీ తెలుసు. భూమి ఇల్లు దాటిపోతుందనే భయం వేసిన రోజు శాస్త్రం పక్కకు జరిగి దారిచ్చింది. ఆమె కోసం మాత్రం ఏనాడూ జరగలేదు.

ఇక లెక్కల మాట. 2021 దాకా హంపి మా జిల్లాలోదే. అచ్యుతరాయల కాలంలో అక్కడున్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, కోట లోపలి ఖర్చులన్నీ ఆడవాళ్లే రాసేవారనీ, రాజ్య వ్యవహారాలు రాసి బయటి రాయసగాళ్ల పుస్తకాలతో సరిచూసే ఆడవాళ్లు వేరే ఉండేవారనీ చెప్పాడు. విజయనగర స్త్రీలనగానే మనకు కావ్యాలు రాసిన గంగాదేవి, తిరుమలాంబ గుర్తొస్తారు. నా మనసు మాత్రం పేరు లేని ఆ లెక్కలవాళ్ల మీదికే పోతుంది.

ఇప్పుడు చట్టంలో లోటు పెద్దగా లేదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న అడ్డును కూడా 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీసేసింది. అయినా మా మేనత్త సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి హక్కు విడుదల పత్రం రాసిచ్చింది. తోడుగా నేనూ వెళ్లాను. అన్నదమ్ములు పెట్టిన కొత్త చీర, మడత గీతలు పోకుండానే కట్టుకొచ్చింది. గుమాస్తా చూపించిన ప్రతి పేజీ కిందా తీరుబడిగా, అక్షరం అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. వేలిముద్ర వేసి, ఫొటోకు కొంగు సర్దుకుంది. ఎందుకిచ్చావత్తా అని అడిగితే, “పంచమికి పిలిచేటోళ్లు ఉండాల గదా అమ్మీ. మొగుడింట్లో మాటొస్తే యాడికి పోవాల?” అంది.

దాన్ని తెలివితక్కువ అనలేను. ఆమె లెక్క తప్పలేదు. వాటా అడిగిన ఆడపిల్లకు పుట్టింటి గడప ఎలా దూరమవుతుందో ఆమె కళ్లారా చూసింది. నన్ను కాల్చేది ఆ వెల. నాగుల పంచమికి ఒక పిలుపు, ఒడిలో బియ్యం, కష్టమొస్తే తలదాచుకునే చోటు. తోడబుట్టినందుకే దక్కాల్సిన వీటిని ఎకరాలిచ్చి కొనుక్కోవాలా? బసివికి భూమి కావాలంటే కాపురం వదులుకోవాల్సి వచ్చింది, మా అత్తకు పుట్టిల్లు కావాలంటే భూమి వదులుకోవాల్సి వచ్చింది. భూమీ బంధుత్వమూ రెండూ అడగకుండానే దక్కేది మగబిడ్డకే.

మా మామ పోయాక ఆయన పొలంలో మూడెకరాలు అత్త పేరున పహణీకి ఎక్కింది. తను బతికుండగానే అందులో కూతురి భాగం కూతురి పేరున రాయిస్తానని ఆమె కొడుకులతో చెప్పింది. పెళ్లికి పెట్టిన బంగారంతో చెల్లెలి లెక్క చెల్లిపోయిందని వాళ్లంటున్నారు. అత్త ఒప్పుకోవడం లేదు. ఆ తగవు ఇంకా తెగలేదు, నేను అత్త వైపున ఉన్నాను.